పేల్చకుండా పీకిన ప్లగ్గు

అన్నదమ్ములు పోట్లాడుకోవాలంటే ఆస్తి కావాలి. ఇరుగుపొరుగు పోట్లాడుకోవాలంటే మధ్యన గోడ కావాలి. తోడల్లుళ్ళకి ఏమీ అక్కర్లేదు, ఒకే అత్తగారికి ఇద్దరూ అల్లుళ్ళు కావడమే చాలు. రెండో పెళ్ళికొడుకు ఇంట్లో కాలు పెట్టిన పూట మొదలైన పోలిక, తీర్పరి లేని పందెంలా, ఇద్దరిలో ఒకరు పోయేదాకా నడుస్తూనే ఉంటుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత కట్టిన మహానుభావుడు ఎవడో గాని, వాడు తప్పకుండా ఏదో ఇంటికి పెద్దల్లుడై ఉంటాడు. తన గుట్టు బయటపడకుండా దానికి చీర కట్టి లోకం మీదికి వదిలాడు.

ఇది అలాంటి ఒక పెద్దల్లుడి సంగతి. తల్లిదండ్రులు పెట్టిన పేరు అతనికి ఉండే ఉంటుంది. పెళ్ళయిన కొత్తల్లో మామగారి ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. కింద గడియారాలు బాగుచేసే కొట్టువాడు మేడమెట్లు ఎక్కుతున్నవాణ్ణి చూసి "పెద్దల్లుడు గారొచ్చారు" అన్నాడు. వీధంతా అదే అంది. ఇప్పుడతనికి అరవై దాటాయి, తనకే అల్లుళ్ళొచ్చారు, మామగారు గోడమీద పటమై చాలాకాలమైంది. అయినా అతను పెద్దల్లుడే. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా ఒక పక్క గర్వం, ఒక పక్క ముల్లు. పెద్దల్లుడు అన్నారంటే చిన్నల్లుడు కూడా ఒకడున్నాడన్నమాటే కదా.

మేడ మీద స్టూడియో ఒక పొడుగాటి గది. ఒక చివర బూడిదరంగు తెర, దాని ముందు గుండ్రటి ముక్కాలిపీట. ఇంకో చివర కిటికీ, కిటికీ కింద వాలుగా అద్దం బిగించిన బల్ల. వయసులో ఉన్నంతకాలం అతను ఆ బల్ల దగ్గరే నెగటివ్‌లు దిద్దాడు. గరుకు కాగితం మీద పెన్సిలు ములుకుని సూదిలా నూరుకుని, ఒకరి మొటిమ చెరిపేవాడు, ఇంకొకరి కంటికింద గీతలు తీసేవాడు. నెగటివ్‌లో నలుపు తెలుపవుతుంది. దిద్దే వైపు నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది. ఫొటోలో ఎడమవైపు కనపడే మచ్చ కోసం చెయ్యి కుడికి పోవాలి. మొదట్లో తికమకపడ్డాడు గాని పోనుపోను బుర్రతో పని లేకుండా చెయ్యే తిప్పుకోవడం నేర్చింది. వీధిలో చుట్టం ఎదురైనా ముందు తిరగేసి చూసుకుని ఆపైన పలకరిస్తాడని భార్య వేళాకోళం.

స్టూడియోలో అసలు సిరి మామగారి లైటు. నేలమీద ఇనప్పెట్టె లాంటి బరువైన డబ్బా, పక్కన స్టాండు, స్టాండు మీద దీపం, దీపానికి గొడుగు. డబ్బాలో కరెంటు నిండుతుంటే సన్నగా కూత వస్తుంది, నిండగానే కూత ఆగుతుంది. మీట నొక్కితే ఠప్పుమని గదిలో తెల్లవారి, ఆ క్షణమే పొద్దుగూకుతుంది. డబ్బాకీ దీపానికీ మధ్య బొటనవేలంత లావు తీగ, ఆ తీగ కొసన ఆరు పిన్నుల ప్లగ్గు. ప్లగ్గుల సంగతి మనుషుల సంగతి కంటే ఏమీ తీసిపోదు. ఒక దేశంవాడి ప్లగ్గు ఇంకో దేశంవాడి గోడలో దూరదు. ఒకే దేశంలో ఈ కంపెనీది ఆ కంపెనీ డబ్బాలో దూరదు. చేతకాక కాదు, తమ డబ్బా కొన్నవాడు తమ గుమ్మం దాటకూడదని కావాలనే అలా చేస్తారు. ఇల్లరికపుటల్లుళ్ళ లాంటివి అవి, ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఇమడవు. ఇంతకీ ఆ లైటు చేసిన కంపెనీ ఎప్పుడో దుకాణం కట్టేసింది. పని నేర్పిన మొదటిరోజు మామగారు చెప్పింది ఒకటే మాట: పేల్చకుండా పీకొద్దు. డబ్బాలో నిండిన కరెంటుని ఒకసారి వెలిగించి ఖాళీ చేశాకే ప్లగ్గు లాగాలి. లేకపోతే లోపల మెరుపు లేచి పిన్నులు మాడిపోతాయి.

చిన్నల్లుడు ఆ ఇంటికి వచ్చేసరికి నెగటివ్‌ల కాలం చివరికొచ్చింది. మామగారు అతన్ని లైట్లు మోయడానికి పెట్టుకున్నారు. మోసి మోసి, వంతెన అవతల సొంతంగా లైట్లు అద్దెకిచ్చే కొట్టు తెరిచాడు. బొద్దుగా ఉంటాడు, వచ్చినవాడి భుజం మీద చెయ్యేసి గాని మాట మొదలుపెట్టడు. అత్తగారికి మందులు తెచ్చేదీ, కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేదీ అతనే. "మా చిన్నల్లుడు" అనేటప్పుడు ఆవిడ గొంతు ఓ పిసరు మెత్తబడుతుందని పెద్దల్లుడి అనుమానం. ఉత్త భ్రమ అంటుంది భార్య. భ్రమే అయితే ఇన్నేళ్ళు ఎలా నిలబడిందంటాడు అతను. అయితే ఒకటి. మామగారు మంచంలో ఉన్నప్పుడు "లైటు పెద్దవాడికి" అన్నారు. ఆ రెండు ముక్కల మీద అతను ఇంతకాలం బతికాడు.

వంతెన అవతల కొట్టు తెరిచిననాడు అతను వెళ్ళలేదు, పనుందన్నాడు. ఎవరికో ఉద్యోగం దరఖాస్తు ఫొటో తీసి పంపించి సామాను సర్దుకుంటుంటే, వెళ్ళొచ్చిన భార్య మెట్ల మీంచే మొదలుపెట్టింది. ఎంత కొట్టో, ఎన్ని లైట్లో, ఒక్కోటి ఒంటిచేత్తో ఎత్తొచ్చట, వాటికి తీగలే లేవట. "తీగల్లేకుండా వెలుగుతాయండీ!" అంది. అతను వంగి, ఎదురుగా ఉన్న ప్లగ్గు పట్టుకుని, డబ్బా నిండి ఉందన్న ధ్యాస లేకుండా, చిన్నల్లుడి చెవి పట్టుకున్నట్టు లాగాడు. నీలంగా మెరుపు, మాడు కంపు. పిన్నుల్లో సగం బొగ్గయ్యాయి. ఆనాటినుంచి ఆ లైటు ముసుగేసుకుని మూల నిలబడింది. ఏమైందని భార్య అడిగితే పాతదైపోయిందన్నాడు.

అలా ఎంతకాలం నిలబడేదో గాని, అందరూ కలిసి ఒక ఫొటో తీయించుకుందామని అక్కచెల్లెళ్ళిద్దరికీ బుద్ధి పుట్టింది. అత్తగారికి చూపు దాదాపు పోయింది, వెలుగూ నీడా తప్ప ముఖాలు ఆనవు. ఆవిడ ఒకటే షరతు పెట్టింది.

"మీ నాన్న లైటుతో తీస్తేనే కూచుంటా. కళ్ళకి ఆనకపోయినా ఆ చప్పుడు చెవికి ఆనుతుంది. అది ఠప్పుమంటే నాకు తెలీకుండానే నవ్వొస్తుంది. కొత్తవాటికి చప్పుడేదీ? ఎప్పుడు నవ్వాలో ఎలా తెలుస్తుంది?"

పెద్దల్లుడు గొంతు సవరించుకుని తానే తీస్తానన్నాడు. చిన్నల్లుడు ఎంతో మర్యాదగా, అన్నయ్య లైటు వెలిగితే అన్నయ్యే తీస్తాడు, వెలక్కపోతే వచ్చే ఆదివారానికి నావి పట్టుకొచ్చి నేను తీస్తాను, మీరు నవ్వాల్సినప్పుడు నేనే ఠప్పంటాను అత్తయ్యా అన్నాడు. అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వి, సరే అలాగే కానిమ్మంది.

పెద్దల్లుడికి ఆ పూట అన్నం సయించలేదు. మామగారి తర్వాత ఆ ఇంట్లో కెమెరా వెనక నిలబడ్డవాడు తానొక్కడే. ఇప్పుడు ఆ బొద్దు మనిషి కెమెరా వెనక, తాను తల దువ్వుకుని వరసలో. "కాస్త ఎడమకి జరగండన్నయ్యా" అని ఆ నోటితో అనిపించుకోవాలా? మర్నాడు కాలిన ప్లగ్గుని తీగ కొస దగ్గర కోసి, జేబురుమాల్లో చుట్టుకుని బయల్దేరాడు.

కరెంటు సామాన్ల సందులో మొదటి కొట్టువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది ఏ ఓడలోంచి ఊడిందండీ అన్నాడు. రెండోవాడు ఆరు పిన్నులదే ఇచ్చాడు గాని అది లావు. మూడోవాడిది సన్నం. నాటకాల దీపాలవాడి దగ్గర ఒకటి దూరింది గాని నిలవలేదు, వదులు చెప్పులా జారింది. సినిమా హాల్లో మిషను తిప్పి రిటైరైనాయన ఇంట్లో పాత డబ్బాలన్నీ దించి వెతికి, చక్కగా బిగిసేది ఒకటి తీశాడు. దాని పిన్నుల మధ్య ఎడం చాలదని పెద్దల్లుడే వద్దన్నాడు. అది పాటలు పాడించే కరెంటుకి చేసింది, ఇది పిడుగులు వేయించే కరెంటు. వెళ్ళిన ప్రతిచోటా లేచేటప్పుడు, అంత ముఖ్యం కానట్టు, "మా తమ్ముడు గాని ఇటొచ్చాడా?" అని అడిగేవాడు. రాలేదంటే కాస్త ఊపిరాడేది. మళ్ళీ వీధిలోకి రాగానే, వాడికి వెతకాల్సిన అవసరమే లేకపోవడం మీద మంట లేచేది.

ఆఖరికి రాగి పిన్ని దగ్గరికి పోయాడు. విప్పేసిన మిషన్లూ తెగిన తీగలూ కొని, పైతొడుగు ఒలిచి రాగి అమ్ముకునే మనిషి ఆవిడ. తీగలు చుట్టే పెద్ద చెక్కచక్రం మీద కూర్చుని కత్తితో ఒలుస్తూనే ప్లగ్గు వంక చూసింది.

"ఇవా? ఒక సంచీడుండేవి. మూతపడ్డ స్టూడియో ఏదో విప్పితే వచ్చాయి. మీ తోడల్లుడు అన్నీ పట్టుకుపోయాడు."

"అన్నీనా? ఎందుకట?"

"అడిగితే నవ్వాడు. పగలగొట్టి రాగి తీద్దామనుకున్నా. వద్దు పిన్నీ, ఇలాగే ఇచ్చెయ్ అని ఒక్కోదాన్నీ పసిపిల్ల తల నిమిరినట్టు నిమిరాడు." పిన్ని కత్తి ఆపింది. "ఒకే ఇంటివాళ్ళు కదా పెద్దల్లుడు గారూ. ఇంట్లో ఉన్నదానికి ఊరంతా ఎందుకు తిరుగుతున్నారు?"

అతనికి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. తీగల్లేని లైట్లవాడికి ప్లగ్గులెందుకు? తనకి దొరక్కూడదనే. తన లైటు మూలపడిందని పసిగట్టి, అది మళ్ళీ లేవకుండా మొదలే నరికాడు. నవ్వుతూ నరికాడు, అదీ వాడి గొప్పతనం. అసూయలో ఒక సుఖం ఉంది, అది ప్రపంచంలో చెదిరిపడ్డ సంగతులన్నిటినీ ఏరి ఒక్క మనిషి చుట్టూ చక్కగా పేర్చి పెడుతుంది. శాస్త్రవేత్తలకి కూడా అంత పొందిక కుదరదు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ, అడగొచ్చు కదా అంది.

"అడిగితే ఇస్తాడే. అదే నా బాధ."

"ఇస్తే బాధేంటండీ?"

"ఇచ్చి, ఇచ్చానని ఎవరితోనూ అనడు. అది ఇంకా బాధ."

ఆవిడ మడతపెట్టిన చొక్కా అతని చేతిలో పెట్టి, ఇది తొడుక్కుని వెళ్ళండి, బాధపడ్డా కాస్త బాగుంటారు అంది.

ఆ విధంగా పెద్దల్లుడు మొదటిసారి వంతెన దాటాడు. కొట్టు నిజంగానే పెద్దది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద పొడుగాటి చెక్క, దానికి వరసగా బిగించి అవే ప్లగ్గులు. మెరుస్తున్నాయి. ఒక్కో దానికి ఒక్కో తీగచుట్ట తగిలించి ఉంది. పిడుగుల్ని మోయాల్సినవాటిని వాడు కొక్కేలు చేసుకున్నాడు! ఒళ్ళు భగ్గుమంది, ఆ వెంటనే చల్లబడింది. అయితే వీడికి తెలీదన్నమాట. ఏం కొన్నాడో వీడికే తెలీదు. ఇక అడగడం ఎందుకు, అడిగినట్టు కాకుండా అడగొచ్చు.

చిన్నల్లుడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పెద్దల్లుడు టీ తాగుతూ, లైట్ల వంక చూడకుండా, గోడ వంక కూడా సగమే చూస్తూ, ఆ కొక్కేలు ముచ్చటగా ఉన్నాయన్నాడు. "మా స్నానాల గదిలో తువ్వాలుకి ఒకటిస్తావా?"

చిన్నల్లుడు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. లేచి, వరసలో అన్నిటికంటే కొత్తగా ఉన్నదాన్ని విప్పి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. "తువ్వాలుకి ఒకటి చాలా అన్నయ్యా?"

చాలన్నాడు. వంతెన మీద నడుస్తుంటే, చాలా ఏళ్ళ తర్వాత, అడుగులు తేలిగ్గా పడ్డాయి.

కిటికీ కింది బల్ల దగ్గర కూర్చుని, పాత ప్లగ్గు విప్పి, వెనకవైపు ఏ రంగు తీగ ఏ పిన్నుకుందో చూసుకున్నాడు. దీపం తీగ కొస ఒలిచి, కొత్తదాని వెనక ఆ రంగులే ఒక్కోటీ పెట్టి సీసం కరిగించి అతికాడు. అతుకులు ముత్యాల్లా వచ్చాయి. డబ్బాలో గుచ్చి స్విచ్చి వేశాడు. కూత మొదలవలేదు. డబ్బా అడుగున పుటుక్కుమంది, ఫ్యూజు పోయింది. ఇంకో ఫ్యూజు వేశాడు, అదీ పోయింది. అతనికి తన అతుకుల మీద అనుమానం రాలేదు. వాడు ఏరి ఏరి ఇచ్చాడే, ఆ ఏరడం ఇందుకన్నమాట! దీపం తీగతో సహా చంకన పెట్టుకుని, పాత ప్లగ్గు జేబులో వేసుకుని మళ్ళీ వంతెన దాటాడు.

"పాడైంది అంటగట్టావు" అన్నాడు గుమ్మంలోంచే.

"తువ్వాలు జారిపోతోందా?" అన్నాడు చిన్నల్లుడు. నవ్వలేదు. ప్లగ్గు అందుకుని మూత తిప్పి లోపల చూశాడు. పాతది ఏదని అడిగి, దాని వెనక పిన్నుల పక్కన మిగిలిన రంగురంగుల తొడుగు ముక్కలు వెలుగులో చూశాడు. రెండింటినీ బల్లమీద పక్కపక్కన పెట్టాడు.

"పాతదాని వెనక చూసి దీని వెనకే అతికారు కదా అన్నయ్యా. ఉన్నదున్నట్టు దించితే సరిపోయేది. మధ్యలో కుడీ ఎడమా ఎందుకు తిప్పారు?"

పెద్దల్లుడు చూశాడు. ఎర్రది ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది. అద్దంలో బొమ్మలా వరసంతా తిరగబడింది. తిప్పుతున్నానని తనకి తెలియనే లేదు. ఆ బల్ల దగ్గర కూర్చోగానే చెయ్యి తన అలవాటు తాను చేసుకుపోయింది.

"నెగటివ్ అనుకున్నారు" అన్నాడు చిన్నల్లుడు మెల్లగా. ఎగతాళి ఉంటుందని కాచుకున్న పెద్దల్లుడికి ఆ గొంతులో అది దొరకలేదు. "నా చేత ఈ తప్పు జరగదు. చేద్దామన్నా చేతకాదు. మామయ్యగారు నన్ను ఆ బల్ల దగ్గర ఒక్కపూటన్నా కూచోనిస్తేగా. మీ వెనక నిలబడి మీ పెన్సిలు చూస్తుంటే, నువ్వెళ్ళి తీగలు చుట్టరా అనేవారు. ఆఖరికి లైటూ మీకే ఇచ్చారు. ఇక్కడ ఇన్ని లైట్లున్నాయా, ఆయన చెయ్యిపడ్డది ఒక్కటి లేదు. పిన్ని దగ్గర ఇవి కనపడ్డాయి. ఆయన లైటు జాతివి. కనీసం ఇవన్నా నా గోడమీద ఉండనీ అనుకున్నా."

"మరి నా దగ్గరెందుకు దాచావు?"

"దాచానా? గుమ్మానికి ఎదురుగా కొట్టాను. మీరే రాలేదు."

పెద్దల్లుడు అక్కడున్న పెట్టె మీద కూర్చున్నాడు. తన మీద ఒకడు ఇన్నేళ్ళుగా కుళ్ళుకుంటున్నాడని తెలిస్తే ఎవరికైనా ముందు కాస్త హాయిగా ఉంటుంది. ఆ హాయి టీ చల్లారేంత సేపు కూడా నిలవలేదు. వాడి కుళ్ళు చెత్తలోంచి ప్లగ్గులు ఏరింది, తుడిచింది, వరసగా గోడకి బిగించింది. తన కుళ్ళేమో ఉన్న ఒక్కదాన్నీ కాల్చింది. ఆఖరికి దీన్లో కూడా వీడిదే పైచెయ్యా!

ఇద్దరూ కలిసి తీగలన్నీ ఊడదీశారు. చిన్నవాడు బల్లలైటు వంచి పట్టుకుని ఒక్కో రంగూ పలుకుతుంటే పెద్దవాడు అతికాడు. మధ్యలో చిన్నవాడు, అసలిది ఎలా కాలిందన్నయ్యా, పేల్చకుండా ఎవరన్నా పీకారా అని అడిగాడు.

"పాతదైపోయింది" అన్నాడు పెద్దల్లుడు, తలెత్తకుండా.

ఆదివారం పొద్దున స్టూడియో నిండిపోయింది. అత్తగారిని ముక్కాలిపీట వద్దని చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. కూతుళ్ళు అటూ ఇటూ, వెనక పిల్లలు, పిల్లల పిల్లలు. లైటు ముసుగు తీసి స్విచ్చి వేయగానే డబ్బా కూత మొదలైంది. ఆ కూతకే అత్తగారు మెడ నిటారుగా పెట్టి కొంగు సర్దుకుంది. కెమెరా వెనక నిలబడి, చిన్నల్లుణ్ణి ఎక్కడ పెట్టాలా అని పెద్దల్లుడు చూస్తుండగానే, అతను తనంతట తానే వచ్చి అత్తగారి కుర్చీ పక్కన నిలబడి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చోటు ఖాళీగా ఉంది. ఖాళీగా ఎందుకుందంటే, అది పెద్దల్లుడి చోటు. పెద్దల్లుడు కెమెరా వెనక ఉన్నాడు.

కెమెరాలోంచి అది చూశాక గాని అతనికి సంగతి పూర్తిగా బోధపడలేదు. గెలిచినవాడు ఫొటోలో ఉండడు. అత్తగారి గోడమీద ఈ పటం ఉన్నన్నాళ్ళూ, వచ్చేపోయేవాళ్ళందరూ ఆవిడ పక్కన ఎవరని అడుగుతారు, చిన్నల్లుడని చెప్తారు. తీసిందెవరని ఎవడూ అడగడు.

మీట నొక్కాడు. ఠప్పుమంది. గది తెల్లవారి మళ్ళీ మామూలైంది. అత్తగారి ముఖమంతా నవ్వు, నలభై ఏళ్ళు వెనక్కి పోయి తెచ్చుకున్నట్టున్న నవ్వు. భుజం మీదున్న చేతిని తడిమి పట్టుకుంది.

"బాగా పేలింది నాయనా. ఆయన లైటు లేపావు. నీ చేతిలో ఏదో ఉంది."

అది చిన్నల్లుడి చెయ్యి. అతను నోరు తెరిచి, మళ్ళీ మూసి, కెమెరా వైపు చూశాడు. ఆ చూపులో ఉన్నదేమిటో పెద్దల్లుడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో రోజూ చూస్తున్నదే. ఆ మాట తనదైతే ఎంత బాగుండునన్న ఆకలి. అతను ఏమంటాడా అని పెద్దల్లుడు మీట మీద వేలుంచి చూస్తున్నాడు. కూత మళ్ళీ మొదలై, సాగి సాగి, ఆగింది.

"నేను కాదత్తయ్యా" అన్నాడు చిన్నల్లుడు, కాస్త ఆలస్యంగానే. "అన్నయ్య."

"ఇంకోటి తీస్తున్నా, కదలకండి" అన్నాడు పెద్దల్లుడు, ఎవరి వంకా చూడకుండా.

రెండు ఫొటోలూ బాగా వచ్చాయి. ఒకే ఒక్క తేడా. మొదటిదాంట్లో చిన్నల్లుడు అందరికంటే నిండుగా, అత్తగారి నవ్వు తనకే చెందినట్టు వెలిగిపోతున్నాడు. రెండోదాంట్లో కళ్ళు మూసేశాడు, కింది పెదవి కూడా కాస్త వేలాడింది. రెండూ కంప్యూటరు తెర మీద పక్కపక్కన పెట్టుకుని పెద్దల్లుడు చాలాసేపు కూర్చున్నాడు. అత్తగారికి ఎలాగూ కనపడదు. ఆవిడ నవ్వు రెండింట్లోనూ ఒకటే. ఎవరికీ అన్యాయం జరగదు. భార్య వెనక నుంచి తొంగి చూసి, రెండోది పనికిరాదు లెండి, మరిదిగారు నిద్రపోతున్నారు పాపం అని వెళ్ళిపోయింది.

మొదటిదాన్నే పెద్దది చేయించి చట్రం కట్టించాడు. తానే మోసుకెళ్ళి, తానే మేకు కొట్టి, అత్తగారి గదిలో తగిలించాడు. ఆవిడ అద్దం మీద వేళ్ళు నడిపిస్తూ, ఎవరెక్కడున్నారో చెప్పమంటే, ఒక్కొక్కర్నీ చెప్పాడు, చిన్నల్లుణ్ణి కూడా చెప్పాడు. రెండోదాన్ని పోస్టుకార్డంత ప్రింటు వేయించి బల్ల సొరుగులో అడుగున పెట్టుకున్నాడు. వంతెన అవతలినుంచి ఏదైనా శుభవార్త వచ్చిన రోజున సొరుగు లాగి, వేలాడే ఆ పెదవిని కాసేపు చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూసేస్తాడు. ఆ పూట అన్నం బాగా సయిస్తుంది.